మొన లేని పిన్ను

మ్యాగజైన్ ముందు, స్లయిడ్ తర్వాత, మ్యాగజైన్ ముందు, స్లయిడ్ తర్వాత, అని రమోనా పెదాలు కదుపుతూనే ఉంది. నలభై దాటిన మనిషి, రోజూ స్కూలు బస్సు నడుపుతూ వెనకసీట్ల గోలనంతా అద్దంలోంచి ఒక్క చూపుతో అణిచేసే మనిషి, ఇవాళ అమ్మానాన్నల వంటింట్లో బల్ల ముందు కూర్చుని ఎక్కాలు మరిచిపోయిన పిల్లలా అదే మాట గొణుక్కుంటోంది. ముందు పిడిలోంచి తూటాల మ్యాగజైన్ తీసింది, అది బరువుగా అరచేతిలోకి జారింది, పక్కన పెట్టింది, తర్వాత పిస్తోలు పైన జారే స్లయిడ్ వెనక్కి లాగింది, గొట్టం మొదట్లోని ఛాంబర్లోంచి ఒక తూటా ఎగిరి, పరిచిన తువ్వాలు మీద పడి, దొర్లి, ఉప్పుసీసాకి తగిలి ఆగింది. ఉంది. లోపల ఒకటి ఉంది, ఎప్పుడూ ఉంటుంది, నాన్న పిస్తోలు ఖాళీగా ఉన్న రోజు తనకి ఊహ తెలిశాక లేదు. చిటికెన వేలు ఛాంబర్లోకి పోనిచ్చి తడిమింది, చల్లగా, నున్నగా, ఏమీ లేదు, కళ్ళతో చూసింది, నమ్మకం కుదరక మళ్ళీ వేలు పెట్టింది. ఇంట్లో ఎవరూ లేరు, ఫ్రిజ్ మోత, కిటికీ రెక్కని గాలి తట్టడం, అంతే. అమ్మ నాన్నని చర్చికి తీసుకెళ్ళింది, చర్చి అయ్యాక హైవే పక్కన హోటల్లో భోజనం పెట్టించి తెస్తుంది, ఆలోపు ఈ పిస్తోలు కడుపులోంచి ఒక పిన్ను తీసి ఇంకో పిన్ను పెట్టాలి, మళ్ళీ అంతా బిగించాలి, డ్రాయర్లో ఉన్నది ఉన్నట్టు పెట్టాలి, నాన్నకి తెలియకూడదు. చెప్పుకుంటే ఎంత చిన్న పని. ఆ పిన్ను మారితే పిస్తోలు చూడ్డానికి పిస్తోలే, బరువూ అదే, ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమనేదీ అదే, పేలదు. మారకపోతే గురువారం జరిగింది మళ్ళీ జరుగుతుంది, ఈసారి అమ్మకి సమయానికి మాట తోచకపోతే అంతే సంగతులు.

గురువారం గురించి అనుకోకూడదనుకుంది, అయినా వచ్చి కూర్చుంటుంది, తను చూడనైనా లేదు, అమ్మ ఫోన్లో చెప్పింది, కానీ తలుపు సందులోంచి చూసినట్టే కనబడుతుంది: సాయంత్రం గాలి ఎర్రదుమ్ము లేపుతోందని అమ్మ పెరట్లో దండెం మీది బట్టలు గబగబా లాగి బుట్టలో కుక్కి, బుట్ట నడుముకి ఆనించుకుని, భుజంతో వెనకతలుపు తోసుకుని లోపలికి వచ్చింది, హాల్లో నాన్న నిలబడి ఉన్నాడు, రెండు చేతులా పిస్తోలు పట్టి, మోకాళ్ళు ఇంచుక వంచి, కుర్రవాళ్ళకి ఏళ్ళ తరబడి నేర్పిన ఆ నిలబాటే, వణుకు లేదు, తడబాటు లేదు. "కదలకు. బుట్ట కింద పెట్టు. ఎవరింట్లోంచి ఎత్తుకొస్తున్నావవి?" అమ్మ ఏడవలేదు, వర్లిన్, నేనే, అని నాన్నని పేరు పెట్టి అరవలేదు, ఎలా తోచిందో ఆవిడకే తెలియాలి, బుట్ట మెల్లగా దించి చేతులు పైకెత్తి, "తప్పయిపోయింది సార్, ఇవి మీ ఆవిడ బట్టలే, ఆవిడ చర్చికెళ్ళింది, వచ్చేదాకా నేనిక్కడే కూర్చుంటాను, ఆవిణ్ణే అడగండి" అంది. అని నేల మీద కూర్చుంది, మోకాళ్ళ నొప్పులతో మెట్టు దిగడానికే గోడ పట్టుకునే మనిషి. నాన్న ఎదురుగా కుర్చీ వేసుకుని కాపలా కాశాడు, తన భార్య వచ్చేదాకా, తన భార్య మీదే పిస్తోలు పెట్టి. చీకటి పడే వేళకి చేతులు లాగి, పిస్తోలు ఒళ్ళోకి జారి, మొహం మామూలుగా అయిపోయి, "ఒలీటా, కింద కూర్చున్నావేంటి, బీన్స్ మాడుతున్న వాసన రావట్లా నీకు?" అన్నాడట. అమ్మ లేచి వెళ్ళి పొయ్యి కట్టేసింది. ఇదంతా చెప్పి చివర్లో నవ్వింది కూడా. "మీ నాన్నని సార్ అన్నానే. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి. మురిసిపోయాడేమో కూడా, ఎవరు చూడొచ్చారు." ఆ నవ్వు గుర్తొస్తేనే రమోనా వేళ్ళు చల్లబడిపోతాయి, ఇప్పుడు కూడా చల్లబడ్డాయి, తువ్వాలు అంచుకి తుడుచుకుంది.

అసలు ఆయన ఉద్యోగమంతటిలో మనిషి మీద ఒక్కసారీ పేల్చలేదు. షెరిఫ్ కింద డెప్యూటీ పోలీసుగా చేరి, జుట్టు నెరిసేదాకా అదే కౌంటీలో, తాగి కొట్టుకునేవాళ్ళూ, దొంగతనంగా ఆవుల్ని లారీకెక్కించేవాళ్ళూ, భార్యని గదిలో పెట్టి తాళం వేసి వరండాలో రైఫిల్‌తో కూర్చునేవాళ్ళూ, అందరి దగ్గరికీ వెళ్ళి, మాటలతో లాక్కొచ్చేవాడు, అందుకే కొత్తవాళ్ళకి తుపాకి నేర్పమని ఆయనకే అప్పగించారు, పేల్చనివాడికే దాని విలువ తెలుసని. ఆయన చేతి కిందినుంచి వెళ్ళినవాళ్ళంతా ఇప్పటికీ అదే వరస అప్పజెబుతారు, మ్యాగజైన్ ముందు, స్లయిడ్ తర్వాత. ముందు స్లయిడ్ లాగావనుకో, లోపలిది బయటికి దూకుతుంది, కానీ కింద మ్యాగజైన్ ఉంది కదా, అది ఇంకోటి పైకి తోస్తుంది, అప్పుడు మ్యాగజైన్ తీసి హమ్మయ్య ఖాళీ అనుకుంటావు, లోపల ఒకటి నిన్ను చూస్తూ ఉంటుంది. పైగా ఈ రకం పిస్తోలు ట్రిగ్గర్ నొక్కితేగాని విడిపోదు, దాన్ని తుడవాలంటే ముందు దాన్ని కాల్చినట్టే నొక్కాలి, ఎంత పిచ్చి యంత్రం, ఎవడు కనిపెట్టాడో. పోయిన ఆదివారం నాన్న ఈ బల్ల దగ్గరే, ఈ కుర్చీలోనే, కబుర్లు చెబుతూ ముందు స్లయిడ్ లాగాడు. తూటా ఎగిరింది. తర్వాత మ్యాగజైన్ తీశాడు. తీసి పక్కన పెట్టి, తృప్తిగా తల ఊపి, ట్రిగ్గర్ మీద వేలు వేశాడు, గొట్టం అమ్మ వైపుంది, అమ్మ సింకు దగ్గర గిన్నెలు కడుగుతోంది, వీపు ఇటు. రమోనా చూసింది, అరిస్తే ఉలిక్కిపడి నొక్కేస్తాడు, చెయ్యి పట్టుకుంటే గింజుకుంటాడు, "నాన్నా, చిటికెన వేలు పెట్టు, నువ్వెప్పుడూ పెట్టిస్తావుగా నాచేత" అంది, తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. ఆయన నవ్వి, మంచిపిల్లవే అన్నట్టు, వేలు పెట్టాడు. వేలు ఆగిపోయింది. మొహం అలా పాలిపోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు, చావుకబురు చెప్పడానికి ఇళ్ళకి వెళ్ళొచ్చిన రోజుల్లో కూడా. తూటా తీసి బల్ల మీద నిలబెట్టి దాన్నే చూస్తూ కూర్చున్నాడు, కాసేపటికి, "ఇదెవరు పెట్టారు?" అన్నాడు.

చెప్పాడు తమ్ముడు, డ్వేన్, టల్సా నగరం నుంచి ఫోన్లో, చెప్పడానికేం, "తీసుకుపోయి చెరువులో పారెయ్యవే, ఇంతలా ఆలోచించేదేముంది" అన్నాడు. పారేశారు కూడా, అంటే పారేసినట్టే దాచారు, వేసవిలో, డాక్టరమ్మ, ఇంట్లో తుపాకులుండకూడదని గట్టిగా చెప్పినప్పుడు, రైఫిళ్ళు డ్వేన్ తీసుకెళ్ళాడు, వాటిని నాన్న అడగనైనా లేదు, పిస్తోలు రమోనా తీసుకెళ్ళింది. ఆ రాత్రి నాన్న నడుము తడుముకున్నాడు. తడుముకుని, ఇల్లంతా వెతికి, సోఫా బోర్లించి, పిండి డబ్బా తలకిందులు చేసి, ఎవడో ఎత్తుకెళ్ళాడు, వాడి చేతిలో నా పిస్తోలుంది, వాడెవణ్ణో చంపుతాడు, ఆ చావు నా మీదే అని, షెరిఫ్ ఆఫీసుకి ఫోన్ మీద ఫోన్, తర్వాత కూరగాయల కత్తి పట్టుకుని వరండాలో, నిద్ర లేదు, తిండి లేదు, అమ్మ ఏదైనా పెట్టబోతే నువ్వే వాడికి తలుపు తీశావు అని. ఏడ్చాడు. నాన్న ఏడవగలడని ఆమెకి అప్పుడే తెలిసింది. మూడో రోజు పిస్తోలు తెచ్చి కారు సీటు కింద దొరికిందని చెబితే, దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, తప్పిపోయిన పిల్ల దొరికినట్టు, "సీటు కిందా, పాడు బుర్ర" అని తన తలని తనే కొట్టుకున్నాడు. ఇచ్చేసింది. ఇచ్చింది తనే. గురువారం అమ్మ గుండెకి ఎదురుగా ఉన్నది తను ఇచ్చిందే. డ్వేన్ ఇది వినడు, విన్నా తలకెక్కదు, వాడు కత్తి చూడలేదు.

ట్రిగ్గర్. సరే. గొట్టాన్ని బయటి గోడకి, పెరట్లో ఎవరూ లేని వైపుకి తిప్పి, కళ్ళు మూసుకోకు, కళ్ళు మూసుకుంటే ఇంకా అధ్వాన్నం, నొక్కింది, టిక్, అంతే, ఆ టిక్కే కావాల్సింది, ఆ టిక్ మారకూడదు. స్లయిడ్‌ని రవ్వంత వెనక్కి లాగి, పక్కల ఉన్న చిన్న మీటల్ని రెండు వేళ్ళతో కిందికి నొక్కి పట్టి వదిలితే, స్లయిడ్ మొత్తం ముందుకి జారి చేతిలోకి వచ్చేసింది, స్ప్రింగ్ తీసింది, బారెల్ తీసింది, వరసగా పేర్చింది, నాన్న పేర్చినట్టే ఎడమనుంచి కుడికి, మసిపట్టిన బారెల్ వాసన, నూనె వాసన, సీసా మూత తీయగానే ఆ కడిగే మందు వాసన, చిన్నప్పుడు నాన్న వాసనంటే ఇదే, వేరే పిల్లల నాన్నల దగ్గర పొగాకు వాసనో సబ్బు వాసనో వచ్చేది, రమోనాకి ఆ వాసనలు పరాయివి. ఇప్పటికి అయింది వచ్చిన పనిలో సగమే, ఇక్కడిదాకా ఆదివారం తుడుపు, ఇక్కడ్నుంచి దొంగతనం. స్లయిడ్ వెనకవైపు చిన్న నల్లటి పలక, దాని వెనక స్ప్రింగ్, స్ప్రింగ్ లోపల పిన్ను. సన్నటి ఇనపపుల్లతో లోపల అదిమి పట్టి పలకని బొటనవేలితో కిందికి తోయాలి, లైల్ రెండుసార్లు చేసి చూపించాడు, లైల్ చేతుల్లో అది వెన్నలోంచి జారినట్టు జారింది, తన చేతుల్లో కదలట్లేదు.

లైల్ కూడా నాన్న దగ్గర నేర్చుకున్నవాడే, డెప్యూటీ ఉద్యోగం వదిలి పట్నం చివర తుపాకులు బాగుచేసే దుకాణం పెట్టాడు. శుక్రవారం బస్సు డ్యూటీ కాగానే వెళ్ళి చెబితే, చేతిలో ఉన్నదేదో గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు. "మా సార్‌కి నేనీ పని చేసిపెట్టాలా" అన్నాడు. తర్వాత, "మొత్తం సెట్టు కొత్తది ఇస్తే నీకు తేలిక, కానీ వద్దు, కొత్త స్ప్రింగ్ బిగువు వేరు, ఆయన వేలు పట్టేస్తుంది. పిన్ను ఒక్కటే మార్చు. పాత స్ప్రింగే ఉంచు, దానికున్న ఆ రెండు ముక్కలూ అవే వాడు" అన్నాడు. లోపలికి వెళ్ళి అలాంటిదే ఒక పిన్ను తెచ్చి, రాయి మీద పెట్టి, మొనని అరగదీసి అరగదీసి, దాదాపు ఏమీ తీసినట్టు కనబడదు, బియ్యపుగింజలో సగం, తూటాని తాకేది ఆ సగం గింజే. కాగితంలో చుట్టి ఇస్తూ, "ఆయన బల్ల మీద ఇలాంటి పిన్ను నేను పెట్టుంటే నన్ను ఇంటికి పంపేసేవాడు" అన్నాడు. డబ్బు గురించి అడిగితే ముఖం తిప్పుకున్నాడు. అదే రమోనాని కుదిపింది, లైల్ కళ్ళు, ఎందుకంటే వాడికీ తెలుసు, పిస్తోలు పట్టుకున్న ఉద్యోగాల వాళ్ళందరికీ ఒకటే పీడకల, నాన్నకీ అదే వచ్చేది, ఆమె పక్కగదిలోంచి వినేది: ఎదురుగా ఎవడో వస్తుంటాడు, నొక్కుతావు, టిక్, ఏమీ కాదు, మళ్ళీ నొక్కుతావు, టిక్, తూటా గొట్టం అంచునుంచి నీటిచుక్కలా కింద రాలుతుంది, వాడు నడిచి వస్తూనే ఉంటాడు, నీ వెనక నీ పిల్లలుంటారు. నాన్న చెమటలతో లేచి, వంటింట్లోకి వచ్చి, మంచినీళ్ళు తాగి, డ్రాయర్ తీసి చూసుకుని పడుకునేవాడు. ఆ కలని ఇవాళ ఆమె పట్టపగలు, తువ్వాలు పరిచి, సన్నపుల్లతో, ఆయన పిస్తోల్లోకి ఎక్కిస్తోంది. వద్దు. అలా అనుకోకు. అమ్మ బుట్ట. అమ్మ మోకాళ్ళు. అదుము.

పలక జారింది. ఒక్కసారిగా జారింది, అంత బలంగా తోస్తోందేమో, స్ప్రింగ్ చేతిలోంచి తన్నుకుని వచ్చింది, పిన్ను దొరికింది, స్ప్రింగ్ దొరికింది, దాని చివర పట్టి ఉంచే రెండు బుల్లి ప్లాస్టిక్ ముక్కల్లో ఒకటి దొరికింది, రెండోది లేదు. తువ్వాలు మీద లేదు. ఒళ్ళో లేదు. లేచి స్వెటర్ దులిపింది. నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది, చెంప నేలకానించి చూసింది, ఎర్రదుమ్ము, రొట్టెముక్కల పొడి, పొయ్యి కింద చీకటి, అది లేకపోతే ఏ పిన్నూ లేదు, పాతదీ లేదు కొత్తదీ లేదు, నాన్న వచ్చి విప్పి చూస్తాడు, వెనక బొక్క చూస్తాడు, మళ్ళీ దొంగ, మళ్ళీ కత్తి, మళ్ళీ నువ్వే తలుపు తీశావు. ఫోన్ మోగింది. అమ్మ.

"ఎంతదాకా వచ్చిందే?" గుసగుస, వెనకాల నీళ్ళ చప్పుడు, హోటల్ బాత్రూమ్‌లోంచి.

"అమ్మా, ఒక ముక్క పోయింది. గోరంత. కనబడట్లేదు."

"పోతే ఎలాగే. ఇక్కడ రెండో యాపిల్ పై ముక్క కూడా అయిపోయింది ఆయనకి. పాస్టరుగారు వచ్చి మాట్లాడుతున్నారు, పాపం ఆయన కూడా మాటలు లాగుతున్నారు ఎంత లాగాలో. మీ నాన్న పదినిమిషాలకోసారి నడుము తడుముకుంటున్నాడే."

"బెల్టు దాచింది నువ్వేనని కనిపెట్టాడా? అది లేకేగా పిస్తోలు నడుముకి తగిలించుకోలేక ఇంట్లో వదిలి వచ్చాడు."

"బెల్టు సంగతి కాదు, దాని బదులు వేసిన ఆ ప్యాంటు పట్టీలు లాగి లాగి వదులుతున్నాడు భుజం మీద. నన్నెందుకిలా జీనేసిన గుర్రంలా తయారుచేశావంటాడు. కౌంటర్ అమ్మాయి నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది." ఊపిరి తీసుకుంది. "రమోనా, దొరక్కపోతే ఏదోటి చెప్పేద్దాం. నువ్వు భయపడకు. నాకేం కాదు."

నాకేం కాదు. ఆ మాట విన్నాక నేల మీద బోర్లా పడుకుంది రమోనా, ఏడుపు కాదు, ఫోన్ వెలుతురు పొయ్యి కిందికి పట్టింది, అమ్మకి ఏం కాదని అమ్మే చెప్పాలా, ఈ ఇంట్లో ఎవరికి ఏం కాదో చెప్పేది ఎప్పుడూ నాన్న కదా, సుడిగాలి సైరన్ మోగిన రాత్రుల్లో నేలమాళిగలో, తలుపు గడియ పట్టుకుని కూర్చుని, ఏం కాదు, నేనున్నాను అనేవాడు, పైన ఇల్లు మూలుగుతుంటే ఆ నడుము దగ్గర గట్టిగా తగిలే పిస్తోలుకి తల ఆనించి నిద్రపోయేవాళ్ళు తనూ డ్వేనూ, గాలినేం కాల్చగలడు, అయినా నిద్రపట్టేది. పట్టీలు. పాపం పట్టీలు. నవ్వొచ్చింది, అప్పుడు కనబడింది, పొయ్యి కాలి పక్కన, ఎండిన బఠాణీ గింజ అనుకుని రెండుసార్లు దాటేసింది, అదే, వేలితో గీకి లాక్కుంది. గాలి ఊది, గుడ్డతో తుడిచి, కొత్త పిన్నుకి పాత స్ప్రింగ్ తొడిగి, రెండు ముక్కలూ ఇటొకటి అటొకటి నొక్కి, ఊపిరి బిగబట్టి స్లయిడ్లోకి దించింది. పలక పైకి తోసింది. టప్ అని కూర్చుంది. పాత పిన్ను కాగితంలో చుట్టి బూటులో దోపింది, జేబులో పెట్టడానికి భయం, ఎందుకో, జేబు పిల్లల దొంగతనాలకి. బారెల్ తుడవలేదు. తుడవాలి, తుడవకపోతే ఎందుకు తీసినట్టు, బ్రష్షు పోనిచ్చి మసి లాగింది, గుడ్డముక్కలు నల్లగా వచ్చాయి, నాలుగుచోట్ల నూనె చుక్క, ఎక్కువ పోస్తే దుమ్ము పడుతుందని తిట్టేవాడు, బారెల్, స్ప్రింగ్, స్లయిడ్, వెనక్కి లాగి వదిలింది. గోడకి తిప్పి నొక్కింది. టిక్. అదే టిక్. మళ్ళీ లాగి మళ్ళీ. అదే. ఆమె చెవికి అదే, ఆయన చెవికి? మ్యాగజైన్ పెట్టేలోపే బయట గులకరాళ్ళ మీద కారు చక్రాలు.

డ్రాయర్ దాకా వెళ్ళే టైము లేదు. నిలబడితే అనుమానం. కూర్చునే ఉంది, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, మొహం ఎలా పెట్టాలో తెలియక పెట్టిన మొహంతో. తలుపు తీసుకుని నాన్న ముందు వచ్చాడు, ఎత్తుగా, చర్చి కోటులో, పట్టీలతో, వెనకాల అమ్మ, అమ్మ కళ్ళు ఒక్క క్షణం బల్ల మీద, ఒక్క క్షణం రమోనా మీద. రమోనా తల కొద్దిగా ఊపింది. అమ్మ గోడ పట్టుకుని ఊపిరి వదిలి, "బూట్లు విప్పుకొస్తాను, పాదాలు వాచిపోయాయి" అని లోపలికి వెళ్ళిపోయింది, మంచం కిర్రుమన్న చప్పుడు, కూలబడినట్టుంది.

"వయోలా," అన్నాడు నాన్న, చచ్చిపోయిన ఆయన చెల్లెలి పేరు, "నువ్వెప్పుడొచ్చావు?"

"ఇప్పుడే నాన్నా. నీ పిస్తోలు తుడిచిపెట్టాను. ఆదివారం కదా."

నాన్నా అన్న ఆమె పిలుపుని ఆయన ఏ అరలో పెట్టుకున్నాడో, కుర్చీ లాక్కుని కూర్చుని చెయ్యి చాపాడు. ఇచ్చింది, పిడి ఆయన వైపు. చేతిలోకి వెళ్ళగానే ఆయన భుజాలు సర్దుకున్నాయి, కళ్ళు సర్దుకున్నాయి, వాన వెలిశాక అద్దం తుడిచినట్టు. ఛాంబర్ చూశాడు, వేలు పెట్టాడు, ఆ వేళ్ళకి ఎవరి పేర్లూ అక్కర్లేదు, ఏ రోజో అక్కర్లేదు, చకచకా విప్పేశాడు, బారెల్ని కిటికీ వెలుతురుకి పట్టి ఒక కన్ను మూసి చూశాడు. "ఇక్కడ మసి వదిలేశావు. తొందరపడ్డావు." "తొందరపడ్డాను నాన్నా." "అబద్ధం చెప్పవు, అదొకటి బాగు." తనే గుడ్డ పోనిచ్చి తుడిచి, బిగించి, లాగి, వెలుతురు వైపు తిప్పి నొక్కాడు. టిక్. తల ఆడించాడు. రమోనా అప్పుడే పూర్తిగా ఊపిరి తీసుకుంది, అయిపోయింది, నమ్మాడు, ఇక డ్రాయర్లో పెడతాడు. ఆయన చెయ్యి బల్ల మీద ఏదో వెతుకుతోంది, సరుకుల చీటీ పక్కన అమ్మ వదిలేసిన పెన్సిల్ మీదికి వెళ్ళింది, వెనక రబ్బరున్న పసుపు పెన్సిల్.

పెన్సిల్. ఎలా మరిచిపోయింది, అన్నీ ఆలోచించింది, బరువూ, చప్పుడూ, బిగువూ, లైల్ కూడా ఆలోచించాడు, ఇది మాత్రం ఇద్దరికీ తట్టలేదు, లైల్ దీన్ని ఎన్నడూ చూడలేదేమో, ఇది ఉద్యోగంలోది కాదు, ఇంట్లోది, పిల్లలది, తుడవడమంతా అయ్యాక డ్వేనూ తనూ బల్ల చుట్టూ గెంతుతూ పెన్సిల్ నాన్నా పెన్సిల్ అంటే, పిస్తోలు నిలువుగా పట్టి, గొట్టంలోకి పెన్సిల్‌ని రబ్బరువైపు కిందికి వదిలి, నొక్కితే, లోపలి పిన్ను రబ్బరుని పొడిచి పెన్సిల్ బాణంలా పైకి ఎగిరేది, ఒకసారి దీపం డూముకి తగిలింది, అమ్మ అరిచింది, డ్వేన్ పొట్ట పట్టుకుని నేల మీద దొర్లాడు. పిన్ను బాగుంటే ఎగురుతుంది, అదీ పరీక్ష. ఇప్పుడాయన పెన్సిల్ని గొట్టంలోకి జారవిడిచాడు, గలగలా దిగింది, నోరు తెరిచి ఏదైనా అనాలి, కాఫీ పెట్టనా అనాలి, చేతిమీద చెయ్యి వేయాలి, ఏదీ చేయలేకపోయింది, ఆయన మొహంలో ఎప్పటిదో సరదా, పైకి చూడు అన్నట్టు కనుబొమలెగరేశాడు, నొక్కాడు.

టిక్. పెన్సిల్ కదల్లేదు.

మళ్ళీ లాగి, నొక్కాడు. టిక్. గాలి కిటికీని తట్టింది. పెన్సిల్ తీసి రబ్బరు మీద బొటనవేలు రాశాడు, గుర్తేమైనా పడిందా అని, లేదు. బల్ల మీద పెట్టాడు, పిస్తోలు పక్కన పెట్టాడు, రెంటినీ సమానంగా జరిపాడు. ఇప్పుడు అడుగుతాడు, ఎవరు చేశారు, ఎవడొచ్చాడు, లోపల మంచం మీద ఆ ఆడమనిషెవరు. కత్తులు ఏ సొరుగులో ఉన్నాయో రమోనా లెక్క చూసుకుంది, మనసులోనే, తండ్రి ఎదురుగా కూర్చుని. ఆయన చాలాసేపు ఆమెనే చూశాడు, తెలిసినవాళ్ళని చూసినట్టే, ఎవరో తెలిసి చూస్తున్నాడో లేదో మాత్రం చెప్పడానికి లేదు.

"పిన్ను పోయింది," అన్నాడు, గొంతు తగ్గించి.

"బాగుచేయిద్దాం నాన్నా. రేపు."

"ఊఁ." లోపలిగది వైపు చూశాడు. "దానికి చెప్పకు. ఇది పనిచేయదని తెలిస్తే నిద్రపోదు. అసలే గురువారం నుంచి ఎందుకో బెదిరిపోయి ఉంది, నేను గమనిస్తున్నాను."

రమోనా సరేనన్నట్టు తల ఊపింది. మాట వస్తే ఇంకేదో కూడా బయటికొస్తుంది.

"ఈ రాత్రికి నువ్వుంటావా?"

"ఉంటాను."

"మంచం మీద కాదు. పడుకుంటే నిద్రపట్టేస్తుంది. హాల్లో కుర్చీ వేసుకో, వెనకతలుపుకి కాదు, మా గది తలుపుకి ఎదురుగా. అర్థమైందా?" కుర్రవాళ్ళకి చెప్పినట్టే, తొందర లేకుండా, ఒక్కొక్క ముక్కా. "ఎవరైనా బయటికొస్తే ముందు పేరడుగు. వెంటనే మీద పడకు. ఎంతటివాడైనా ముందు పేరడగాలి."

"అడుగుతాను."

"చెప్పలేకపోతే." ఆగాడు. కోటు బొత్తాం ఒకటి పెట్టుకోబోయి, రంధ్రం దొరక్క, వదిలేశాడు. "పేరు చెప్పలేకపోతే లైటు వెయ్యి. గట్టిగా మాట్లాడకు. చేతులు చూడు, చేతుల్లో ఏం లేకపోతే, వెనక్కి తీసుకెళ్ళి పడుకోబెట్టు."

లోపల్నుంచి అమ్మ, "ఏంటి అక్కడ ఇద్దరూ గుసగుసలు?" అంది.

"ఏం లేదు ఒలీటా," అన్నాడు ఆయన, పిస్తోలు కోటు జేబులోకి జారవిడిచి, జేబు మీద రెండుసార్లు తట్టి, "అమ్మాయి ఈ రాత్రి ఇక్కడే ఉంటుందట, దానికో దుప్పటి తియ్యి."